నాలుగు రోజుల పరిశీలనకే ఎక్కువ మార్కులు: ఒక కెరీర్ కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

మా అమ్మాయి పదో తరగతి చదువుతుండగా, జనవరి మొదటి వారంలో విజయవాడలోని ఒక ప్రైవేటు కెరీర్ కౌన్సెలింగ్ కేంద్రంలో ఆమె పేరు నమోదు చేయించాము. మేము తీసుకున్న ప్యాకేజీలో రెండు రాతపరీక్షలు, కౌన్సెలరుతో మూడు సిట్టింగులు, ఒక నివేదిక, ఇంటర్‌లో చేరిన ఆరు నెలల తరువాత మరొక సిట్టింగు ఉన్నాయి. దానికి 6,500 రూపాయలు చెల్లించాము. ఆరు నెలల సిట్టింగు కూడా పూర్తయిన తరువాతే ఈ సమీక్ష రాస్తున్నాను. ఐదుకు మూడు మార్కులు ఇస్తాను, ఆ మూడూ కౌన్సెలరు పనికే చెందుతాయి. లోపాలను కూడా వివరంగా రాస్తున్నందున కేంద్రం పేరు చెప్పడం లేదు. ఇటువంటి కేంద్రాలు విజయవాడ, గుంటూరు, హైదరాబాదులలో ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి గనుక, వెళ్లదలచిన తల్లిదండ్రులకు పేరు కన్నా లోపల ఏమి జరుగుతుందో తెలియడమే ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం.

మేము తెనాలిలో ఉంటాము. నేను సహకార బ్యాంకులో పని చేస్తాను, మావారికి స్టేషనరీ దుకాణం ఉంది. దసరా సెలవులు ముగిసినప్పటి నుంచే జూనియర్ కళాశాలల పీఆర్వోలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివారూ ఎంపీసీయా, బైపీసీయా అనే ఒక్క ప్రశ్నే వేశారు. మా అమ్మాయికి లెక్కలు బాగానే వస్తాయి. కానీ ఆమె ఇష్టంగా కూర్చునేది బొమ్మల దగ్గర, అట్టముక్కలతో ఇళ్ల నమూనాలు కట్టడం దగ్గర. ఇది కాలక్షేపమా, లేక బ్రతుకుతెరువుకు దారి చూపగల విషయమా అన్నది మాకు తెలియలేదు. తెలియనప్పుడు తెలిసినవారిని అడగాలన్న ఉద్దేశంతోనే వెళ్లాము.

మొదటి సిట్టింగు నాకు నిజంగా నచ్చింది. కౌన్సెలరు సైకాలజీలో ఎం.ఏ. చేసి, ఆపై ఎన్‌సీఈఆర్‌టీ నిర్వహించే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా పూర్తి చేసినవారు. ఆ విషయం నేను అడిగాకే చెప్పారు, అడిగినందుకు నొచ్చుకోలేదు. బోర్డు పెట్టుకున్న ప్రతివారూ ఆ చదువు చదివి ఉంటారని అనుకోవడానికి వీలులేదు గనుక, ఎవరైనా మొదట అడగవలసిన ప్రశ్న ఇదే. ఆమె మమ్మల్ని బయట కూర్చోబెట్టి, అమ్మాయితో గంటకు పైగా ఒంటరిగా మాట్లాడారు. తరువాత మాతో మాట్లాడినప్పుడు, మీ బంధువులలో ఎవరెవరు ఏయే పనులు చేస్తున్నారో చెప్పమని ఒక వంశవృక్షం గీయించారు. మా రెండు వైపులా కలిపి ఉపాధ్యాయులు, వ్యాపారులు, రైతులు, ఒక విద్యుత్తు శాఖ ఇంజినీరు, ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తప్ప మరెవరూ లేరని ఆ కాగితం మీద చూసినప్పుడే నాకు స్ఫురించింది. మా పిల్ల చూసిన పనులు అవే. చూడని పనిని ఏ పిల్లా కోరుకోలేదు.

ఈ మాట పరీక్షలకు కూడా వర్తిస్తుంది. మొదటిది ఆప్టిట్యూడ్ పరీక్ష, రెండవది అభిరుచుల పరీక్ష. రెండవ దానికి ఆధారం జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం. చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపార నాయకత్వం, క్రమబద్ధమైన కార్యాలయ పని అనే ఆరు వర్గాలలో మనిషి మొగ్గు ఎటువైపు ఉందో, ఏ వృత్తి ఆ మొగ్గుకు దగ్గరగా ఉంటుందో చూసే పద్ధతి అది. పద్ధతి మంచిదే. అయితే ఈ కేంద్రం వాడిన ప్రశ్నపత్రం మన పిల్లల కోసం తయారైనది కాదు. మంచు కొండలలో క్యాంపింగు నిర్వహించడం, థియేటరులో లైటింగు చూసుకోవడం వంటి పనులు ఇష్టమా అని అడిగితే, వాటిని ఎన్నడూ చూడని తెనాలి పిల్ల ఏమి చెప్పగలదు? మా అమ్మాయి ముప్పయికి పైగా ప్రశ్నలకు 'చెప్పలేను' అనే గడిలోనే గుర్తు పెట్టింది. ఆ జవాబుల వల్ల చివరి లెక్కలో ఆమె అభిరుచులు అన్నీ తక్కువగా ఉన్నట్లు తేలింది. అది అభిరుచి లేకపోవడం కాదని, అనుభవం లేకపోవడమని కౌన్సెలరు స్వయంగా వివరించకపోయి ఉంటే మేము ఆ కాగితం చూసి బెంగ పెట్టుకునేవాళ్లం. ఆప్టిట్యూడ్ పరీక్ష మాత్రం ఉపయోగపడింది. ఆకారాలను మనసులో తిప్పి చూడగల శక్తి, లెక్కలు ఆమెకు బాగా ఉన్నాయని, చూసి వెంటనే పోల్చి గుర్తించే వేగం సాధారణంగా ఉందని తేలింది. ఈ ఫలితం ఆమె అట్టముక్కల ఇళ్లతో సరిపోయింది గనుకనే నేను దానిని నమ్మాను.

రెండు పరీక్షల మధ్య విరామంలో కౌంటరులోని వ్యక్తి వేలిముద్రల పరీక్ష కూడా చేయించమని, మరొక 3,500 రూపాయలు కడితే పిల్ల మెదడు పుట్టుకతో ఎలా తయారయిందో తెలుస్తుందని చెప్పాడు. డీఎంఐటీ అనే పేరుతో మన ఊళ్లలో పాఠశాలల ద్వారా కూడా అమ్ముతున్న పరీక్ష ఇదే. వేలి గీతలకూ తెలివితేటల రకాలకూ సంబంధం ఉందని చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ బహిరంగంగానే ప్రకటించింది. మేము వద్దన్నాము. తరువాత కౌన్సెలరును అడిగితే, తాను ఆ పరీక్షను ఎవరికీ సూచించనని, అది యాజమాన్యం నిర్ణయమని ఒప్పుకున్నారు. శిక్షణ పొందిన ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి, గుమ్మం దగ్గర ఇటువంటిది అమ్మడం ఆ మనిషి విద్యను అవమానించడమే. నేను తగ్గించిన రెండు మార్కులలో ఒకటి దీనికే పోయింది.

నివేదిక గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నలభై పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. అందులో మా అమ్మాయికి సంబంధించినవి ఆరు పేజీలు, మిగతావి ఏ పిల్లకైనా అతికే సాధారణ వాక్యాలు. మన రాష్ట్రంలో 2021 నుంచే ఈఏపీసెట్ అని పిలుస్తున్న పరీక్షను ఎంసెట్ అనే రాశారు. మా అత్తగారు మనుమరాలి గురించి ఏమి రాశారో చదువుకుందామని కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, తెలుగు ముక్క ఒక్కటీ కనిపించక పక్కన పెట్టేశారు. ఇంటిల్లిపాదీ కలిసి తీసుకునే నిర్ణయానికి ఆధారమయ్యే కాగితం ఇంటి భాషలో ఉండాలి. రెండో సిట్టింగులో కౌన్సెలరు ఆ ఆరు పేజీలను చక్కని తెలుగులో విడమరచి చెప్పారు గనుక, అది రాయలేనిది కాదని స్పష్టమయింది.

నాకు ఇప్పటికీ బాధ కలిగించే లోపం వేరొకటి ఉంది. ఫిబ్రవరిలో జరిగిన రెండో సిట్టింగులో, ఇంటర్ కాకుండా పాలిటెక్నిక్‌లో చేరే దారి గురించి మావారు అడిగారు. అందుకు కౌన్సెలరు, 'అమ్మాయికి మార్కులు బాగా వస్తున్నాయి కదండీ, పాలిటెక్నిక్ ఎందుకు?' అని ఒక్క మాటతో తేల్చేశారు. మేము కూడా అంతటితో వదిలేశాము. ఏప్రిల్‌లో పది ఫలితాలు వచ్చాక, డిప్లొమా చదివి ఈసెట్ రాసి ఇంజినీరైన మా బావగారు వచ్చి, సివిల్ డిప్లొమా సంగతి ఆలోచించారా అని అడిగేసరికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ దరఖాస్తు గడువు దాటిపోయింది. పది ఫలితాలు రాకముందే ఆ గడువు ముగుస్తుందన్న సంగతి మాకు తెలియదు. తెలియజెప్పవలసినవారు తెలియజెప్పలేదు.

మా అమ్మాయి తప్పనిసరిగా పాలిటెక్నిక్‌లోనే చేరేదని నేను అనడం లేదు. కానీ ఆమెకు ఆ దారి అన్ని విధాలా తగినది. మూడేళ్ల డిప్లొమా పూర్తి చేస్తే ఉద్యోగంలో చేరవచ్చు, ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. గణితం ఒక సబ్జెక్టుగా డిప్లొమా చదివినవారికి ఆర్కిటెక్చరు డిగ్రీలో చేరే అర్హత కూడా ఉంది. పదో తరగతి తరువాత తెరుచుకునే తలుపులు మన రాష్ట్రంలో ఇంకా ఎన్నో ఉన్నాయి. పది మార్కుల ఆధారంగా చేర్చుకుని, ఆరేళ్లలో బీటెక్ చేతికిచ్చే ట్రిపుల్ ఐటీలు నూజివీడుతో కలిపి నాలుగు ఉన్నాయి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా నడుపుతోంది. విజయవాడ పక్కన సూరంపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్ ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమాలు నేర్పుతోంది. వెంకటగిరిలో చేనేత, జౌళి సాంకేతికతలో డిప్లొమా చదవవచ్చు. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చేసిన కుర్రవాడు మా వీధిలోనే సోలార్ పలకలు బిగించే పని చేసుకుంటూ ఇద్దరికి జీతాలిస్తున్నాడు. ఈ దారులన్నీ మార్కులు రాని పిల్లల కోసం మిగిల్చినవి అన్న అభిప్రాయం సామాన్య జనంలో ఉంటే అర్థం చేసుకోగలను. ఆ అభిప్రాయాన్ని పోగొట్టడమే కౌన్సెలరు వృత్తి కదా. నేను తగ్గించిన రెండో మార్కు దీనికి. మూడో సిట్టింగులో ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె పొరపాటు ఒప్పుకుని, తన దగ్గరున్న తేదీల పట్టికలో పాలిసెట్, ట్రిపుల్ ఐటీ, ఏపీఆర్‌జేసీ (ప్రభుత్వ గురుకుల జూనియర్ కళాశాలల ప్రవేశ పరీక్ష) దరఖాస్తు నెలలను మా కళ్లముందే చేర్చుకున్నారు. మా తరువాత వెళ్లే పిల్లలకైనా అది ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

ఇక బాగున్న సంగతికి వస్తాను. ఆప్టిట్యూడ్ ఫలితాలను, అమ్మాయి బొమ్మల పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుని కౌన్సెలరు రెండు దారులు సూచించారు. ఒకటి ఆర్కిటెక్చరు, రెండవది డిజైను. ఈ రెండింటికీ మన దగ్గరే జాతీయ సంస్థలు ఉన్నాయని మాకు అంతకుముందు తెలియదు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఉంది, అమరావతిలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఆంధ్రప్రదేశ్ ఉంది. రెండింటి మధ్య తేడాను ఆమె శ్రద్ధగా చెప్పారు. ఆర్కిటెక్చరు డిగ్రీ అయిన బీఆర్క్ ఐదేళ్ల కోర్సు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరిగా చదివి ఉండాలి. విజయవాడ సంస్థలో చేరాలంటే జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చరు పేపరు రాయాలి, ఇతర కళాశాలలకు నాటా అనే పరీక్ష ఉంది. ఎన్‌ఐడీలో నాలుగేళ్ల డిజైను డిగ్రీ బీడెస్‌కు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా అర్హతే, ప్రవేశ పరీక్ష మాత్రం రెండు అంచెలలో ఉంటుంది. డిజైను కోసం ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్షకు కూడా ఇంటర్ గ్రూపుతో నిమిత్తం లేదు, హైదరాబాదు ఐఐటీలో బీడెస్‌కు అదే దారి. కాబట్టి ఎంపీసీ తీసుకుంటే రెండు దారులూ తెరిచి ఉంటాయి, సీఈసీ తీసుకుంటే ఒకటి మూసుకుపోతుంది. గ్రూపు ఎంపికను ఈ విధంగా వెనక నుంచి ముందుకు ఆలోచించమని మాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత ఆమె పెట్టిన షరతు ఈ సేవ మొత్తంలో అత్యంత విలువైనది. ఏ నిర్ణయమూ ఇప్పుడే తీసుకోవద్దని, పబ్లిక్ పరీక్షలు అయ్యాక అమ్మాయి నాలుగు రోజులు వేర్వేరు చోట్ల కూర్చుని, పని చేసేవారిని చూసి, రాసుకుని రావాలని చెప్పారు. అందుకోసం ఒక తెలుగు ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఉదయం రాగానే వారు మొదట చేసిన పని ఏమిటి, రోజులో ఎంతసేపు కూర్చుని, ఎంతసేపు నిలబడి పని చేశారు, ఎవరెవరితో మాట్లాడవలసి వచ్చింది, పని చెడితే మాట పడేది ఎవరు, వారు ఈ పనిలోకి ఎలా వచ్చారు, మళ్లీ మొదలుపెట్టవలసి వస్తే ఏమి చదివేవారు అన్నవి అందులోని ప్రశ్నలు. మనుషులను వెతికి పెట్టే బాధ్యత మాత్రం మాదే. కేంద్రమే నలుగురైదుగురు వృత్తినిపుణులతో మాట్లాడి ఉంచితే, మాకున్న పరిచయాలు లేని కుటుంబాల పిల్లలకు ఎంతో మేలు జరుగుతుంది.

మావారి స్నేహితుని ద్వారా గుంటూరులోని ఒక ఆర్కిటెక్టు కార్యాలయంలో రెండు రోజులు, తెనాలిలో కట్టుబడిలో ఉన్న ఒక అపార్టుమెంటు దగ్గర ఒక రోజు, కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక రోజు ఆమె గడిపింది. ఆర్కిటెక్టు రోజంతా బొమ్మలు గీస్తారని వెళ్లిన పిల్ల, ఆయన సగం రోజు ఫోనులో మున్సిపల్ అనుమతుల గురించి, వాస్తు ప్రకారం మెట్ల స్థానం మార్చమంటున్న ఇంటి యజమానితోనూ మాట్లాడుతూ గడిపారని రాసుకుంది. అయినా, మెట్లు జరిపినందువల్ల వంటగదికి వెలుతురు తగ్గకుండా ఆయన ప్లానును ఎలా సర్దారో ఒక పేజీ నిండా గీసుకుంది. అపార్టుమెంటు దగ్గర ఆ రోజు శ్లాబు పోస్తున్నారు. మధ్యలో ఆపితే కాంక్రీటులో అతుకు పడుతుందని, అందుకే కూలీలు వంతులవారీగా అన్నం తిన్నారని మేస్త్రీ చెప్పిన మాట ఆమె పుస్తకంలో ఉంది. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చెక్కిన చేతులను, కాళ్లను చింతగింజల ముద్దతో మొండేనికి అతికించడం చూసి, ఆ అతుకు కనపడకుండా రంగు వేయడం నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుందని అడిగిందట. ఆ నాలుగు రోజుల రాతలు పదిహేను పేజీలు. ఆమె ఏ పని దగ్గర ఎక్కువ రాసిందో, ఎక్కడ ఎక్కువ గీసిందో చూస్తే మొగ్గు ఎటువైపో తెలిసిపోతుంది. ఏ పరీక్షాపత్రమూ మాకు అంత స్పష్టంగా చెప్పలేదు.

డబ్బు విషయం ఈ సేవలో ఎక్కడా ప్రస్తావనకు రాలేదు. ఐదేళ్ల కోర్సుకు, మూడేళ్ల కోర్సుకు ఖర్చులో ఎంత తేడా ఉంటుందో, ఇంట్లో రెండో బిడ్డ చదువు ఎప్పుడు మొదలవుతుందో లెక్క వేయకుండా చేసిన ప్రణాళిక సగం ప్రణాళికే. సాంకేతిక డిప్లొమా, డిగ్రీ కోర్సులలో చేరే అమ్మాయిలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలకు మించకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు వర్తిస్తుంది. ఈ సంగతి నాకు బ్యాంకు ఉద్యోగం వల్ల తెలిసింది. విద్యారుణాలకు కేంద్ర ప్రభుత్వం నడిపే విద్యాలక్ష్మి పోర్టల్ గురించి కూడా అంతే. ఇవి తెలియని తల్లిదండ్రులకు చెప్పడం కౌన్సెలింగులో భాగం కావాలి.

మూడో సిట్టింగు ముగిసి బయటకు వస్తుండగా, అడ్మిషన్ల సహాయకుడినంటూ మరొక వ్యక్తి మమ్మల్ని కూర్చోబెట్టి, పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో డిజైను సీటు ఇప్పుడే రిజర్వు చేసుకోవచ్చని చెప్పాడు. పదో తరగతి పిల్లకు డిగ్రీ సీటు! ఆ విశ్వవిద్యాలయం మీకు కమిషను ఇస్తుందా అని నేను సూటిగా అడిగాను. అతడు సమాధానం చెప్పలేదు. వెళ్లేవారు ఈ ప్రశ్నను డబ్బు కట్టకముందే, మొదటి రోజునే అడగమని నా మనవి.

ఇంత ఖర్చు పెట్టలేనివారు, పెట్టదలచనివారు కూడా కొంతవరకు ఈ పని చేసుకోవచ్చు. సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తొమ్మిది, పది తరగతుల పిల్లల కోసం తయారు చేసిన తమన్నా అనే ఆప్టిట్యూడ్ పరీక్ష ఉచితం. భాష, తర్కం, సంఖ్యలు, ఆకారాలు, యంత్రాల అవగాహన వంటి ఏడు అంశాలను అది చూస్తుంది, అందులో పాస్, ఫెయిల్ అన్న మాట లేదు. కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో వృత్తుల వివరాలు ఉన్నాయి, 1514 నంబరుకు ఫోను చేయవచ్చు. ప్రశ్నల కాగితం పైన రాశాను, ఎవరైనా వాడుకోవచ్చు. అయితే పిల్లతో గంటసేపు తీర్పు చెప్పకుండా మాట్లాడే పరాయి పెద్దమనిషి అవసరం అనిపిస్తే మాత్రం ఈ కౌన్సెలరు వంటివారి దగ్గరకు వెళ్లడం దండగ కాదు. వెళ్లేటట్లయితే తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో వెళ్లండి. పదో తరగతి జనవరి ఆలస్యమని మా అనుభవం చెబుతోంది.

మా అమ్మాయి ఇంటికి దగ్గరలో, హాస్టలు లేని కళాశాలలో ఎంపీసీలో చేరింది. డిసెంబరులో జరగవలసిన ఆరు నెలల సిట్టింగును మేము గుర్తు చేయకముందే కేంద్రం వారు ఫోను చేసి ఏర్పాటు చేశారు. కౌన్సెలరు మార్కుల సంగతి ముందుగా అడగలేదు, బొమ్మల పుస్తకం తెచ్చావా అమ్మా అని అడిగారు. తెచ్చింది. కళాశాల మొదలయ్యాక అందులో కొత్తవి మూడే బొమ్మలు ఉన్నాయి. అప్పుడు ముగ్గురం కూర్చుని టైంటేబుల్ ముందు పెట్టుకుని, ఆదివారం ఉదయం రెండు గంటలు ఏ ట్యూషనూ లేకుండా ఖాళీ చేశాము. వచ్చే వేసవిలో మరొక రెండు రోజులు అదే ఆర్కిటెక్టు కార్యాలయానికి వెళ్లడానికి ఆయన అనుమతి కూడా తీసుకున్నాము.